వెళ్ళిపోయినవాళ్ళ కుర్చీలు

తొమ్మిదో తరగతి పిల్లలకు వ్యాపారం నేర్పడానికి ఆ బడివాళ్ళు నన్ను పెట్టుకున్నారు. నేను జీవితంలో ఒక అగ్గిపెట్టె కూడా అమ్మినవాణ్ణి కాదు. అశోక్ నగర్‌లో ఒక హాస్టల్ గదిలో ఏళ్ళ తరబడి సర్కారు కొలువు కోసం చదువుతూ, అక్క పంపే డబ్బుతో తింటున్నవాణ్ణి. అలాంటి మనిషిని పట్టుకుని, సొంత కాళ్ళ మీద నిలబడడం ఎలాగో పిల్లలకు చెప్పమన్నారు. ఇందులో ఉన్న విడ్డూరం కరస్పాండెంట్ సార్‌కు తట్టలేదు. నాకు తట్టింది గానీ నోరు మూసుకున్నాను.

బడి చిక్కడపల్లిలో ఒక సందులో ఉంటుంది. కింద బండ్లు పెట్టుకునే జాగా, పైన తరగతులు, ఆ పైన కరస్పాండెంట్ సార్ ఇల్లు. ఒకప్పుడు చుట్టుపక్కల ఉద్యోగస్థుల పిల్లలంతా అక్కడే చదివేవాళ్ళట. ఇప్పుడు ఏటా కొంతమంది నారాయణగూడలోనో హిమాయత్‌నగర్‌లోనో ఏసీ గదులున్న బడులకు వెళ్ళిపోతున్నారు. ఆ బడుల్లో పిల్లల చేత కంపెనీలు పెట్టిస్తున్నారనీ, వస్తువులు అమ్మిస్తున్నారనీ తల్లిదండ్రులు వచ్చి చెప్పేసరికి ఈయనకూ పట్టుదల వచ్చింది. మన బడిలోనూ బిజినెస్ డే జరగాల్సిందేనన్నాడు. అది చూసి తల్లిదండ్రులు మెచ్చుకుంటే, వచ్చే జూన్ నుంచి నన్ను సోషల్ టీచరుగా పూర్తి జీతం మీద తీసుకుంటానని మాట ఇచ్చాడు.

ఆ మాట మీదే నేను బతికాను, బడిలో పనిచేసిన ఆ నాలుగు నెలలూ. ఎందుకంటే నాకు వయసు పరిమితి దాటిపోతోంది. ఆఖరుగా రాసిన పెద్ద పరీక్ష ఫలితం ఒక్కటే రావాల్సి ఉంది. ఈ ఎండాకాలమే ఆఖరు అని అక్కకు చెప్పేశాను. ఏదో ఒక కొలువు దొరక్కపోతే ఊరికి వచ్చి బావ ఎరువుల దుకాణంలో కూర్చుంటానని ఒప్పుకున్నాను. ఎరువుల దుకాణంలో తప్పేమీ లేదు. కానీ మా ఊళ్ళో నన్ను చిన్నప్పటి నుంచీ కలెక్టర్ సాబ్ అని పిలిచే పెద్దమనుషులున్నారు. మొదట్లో ముద్దుకు పిలిచారు, తర్వాత నమ్మి పిలిచారు, ఇప్పుడు ఎందుకు పిలుస్తున్నారో వాళ్ళకే తెలియాలి. ఆ పిలుపు వింటూ యూరియా బస్తాలు మోయడం నా వల్ల కాదనిపించేది. బడి ఉద్యోగం దొరికితే కనీసం పట్నంలోనే ఉంటాను, సార్ అనిపించుకుంటాను. అంతకంటే పెద్ద ఆశలు అప్పటికి నాలో మిగల్లేదు.

పాఠం చెప్పడానికి నాకొక చిన్న పుస్తకం ఇచ్చారు. ముందుగా జనం దగ్గరికి వెళ్ళి వాళ్ళకు ఏం కష్టం ఉందో కనుక్కోవాలట. ఆ కష్టం తీర్చేదే మన వ్యాపారమట. సరే అని ఒక మధ్యాహ్నం పిల్లలను వెంటబెట్టుకుని అశోక్ నగర్ చాయ్ బండ్ల దగ్గరికి నడిపించుకు వెళ్ళాను. జట్టుకు ఒక అమ్మాయి నాయకురాలు. ముషీరాబాద్ నుంచి రోజూ నడిచి వచ్చే పిల్ల, ఏది చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేసే రకం. నిజానికి కంపెనీ అధిపతి పదవికి అందరూ పోటీపడితే తగువు తెగక అందరినీ అధిపతులను చేశాం గానీ, పని నడిపించేది మాత్రం ఆ అమ్మాయే.

చాయ్ తాగుతున్న మా హాస్టళ్ళ వాళ్ళను పిల్లలు చక్కగా అన్నా అంటూ పలకరించి, మీకేం కష్టముందని అడిగారు. ఒకడు నోటిఫికేషన్ కావాలన్నాడు. ఇంకొకడు కోర్టులో కేసు తేలాలన్నాడు. మూడోవాడు వాయిదా పడిన పరీక్ష ఎప్పుడు పెడతారో చెప్తే చాలన్నాడు. అమ్మాయి అన్నీ శ్రద్ధగా విని నా దగ్గరికి వచ్చి, "సార్, ఇవి మనం తయారు చేయలేం," అంది.

చివరికి ఒకడు పని చెప్పాడు. గది ఖాళీ చేసి ఊరికి పోతున్నాడట, కుర్చీ ఏం చేయాలో తోచడం లేదట. మా హాస్టళ్ళలో మంచం వాళ్ళిస్తారు, చదువుకునే కుర్చీ మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. పోయేటప్పుడు బస్సులో వేసుకుపోలేరు. అలా వదిలేసిన కుర్చీలు ప్రతి హాస్టల్ డాబా మీదా ఎండకు ఎండి వానకు తడుస్తుంటాయి. మరో పక్క కొత్తగా వచ్చేవాళ్ళు దుకాణాలకు వెళ్ళి కొత్తవి కొంటుంటారు. పిల్లల కళ్ళు మెరిశాయి. పోయేవాళ్ళ దగ్గర తీసుకుని, తుడిచి, రంగు వేసి, వచ్చేవాళ్ళకు అమ్ముతామన్నారు. అంత తెలివైన ఆలోచన నాకు పుట్టాక ఎన్నడూ రాలేదని ఒప్పుకోవాల్సిందే.

అయితే అశోక్ నగర్ పద్ధతి ఒకటుంది. అది పిల్లలకు తెలియదు. మా దగ్గర ఎవరికైనా పోస్టు వచ్చిందంటే మిఠాయి కంటే ముందు వాడి కుర్చీ అడుగుతారు. లైబ్రరీలో వాడు కూర్చున్న చోటు కోసం పొద్దున్నే తలుపులు తీయకముందు వచ్చి నిలబడతారు. కొలువు వచ్చినవాడి బకెట్ కూడా పోనివ్వరు. రానివాడి కుర్చీని మాత్రం ఉచితంగా ఇస్తామన్నా ముట్టుకోరు. సైన్సులో పీజీలు చేసి, మూఢనమ్మకాల మీద వ్యాసాలు కంఠతా పట్టే మనుషుల సంగతి చెబుతున్నాను. డాబాల మీద కుర్చీలు అందుకే పేరుకుపోయాయి. నాకు ఆ సంగతి తెలుసు. కానీ శుభ్రంగా తుడిచి, రంగు వేసి, ధర తక్కువ పెడితే ఎవరిదని ఎవరు అడుగుతారులే అనుకున్నాను.

పిల్లలు ఒళ్ళు దాచుకోలేదు. బడి వదిలాక హాస్టల్ హాస్టల్‌కూ వెళ్ళి కుర్చీలు మోసుకొచ్చారు. బడి కింద జాగాలో ఉప్పుకాగితం పెట్టి తుప్పు గీకారు, ఊడిన ప్లాస్టిక్ వైరు కొత్తగా అల్లించారు. నా గదిలో ఉండే స్నేహితుడు కూడా ఆ రోజుల్లోనే గది ఖాళీ చేశాడు. ఇద్దరం ఒకే ఏడాది వచ్చాం, ఒకే గదిలో ఉన్నాం. వాడు కుర్చీని తానే భుజం మీద పెట్టుకుని వచ్చి పిల్లలకు అప్పజెప్పాడు. ఆ తర్వాత నేను వాణ్ణి బస్సు ఎక్కించి వచ్చాను. తిరిగొచ్చి గదిలో వాడి వైపు గోడ చూస్తే భయమేసింది.

బిజినెస్ డే శనివారం పెట్టారు. పిల్లలు అశోక్ నగర్ చాయ్ బండ్ల దగ్గర కాగితాలు అంటించి కొత్తగా వచ్చినవాళ్ళందరినీ పిలిచారు. మిగతా తరగతుల వాళ్ళు సర్వపిండీ, సకినాలూ, రంగుల దీపాలూ పెట్టారు. మా జట్టు వాళ్ళు కుర్చీలను వరసగా పేర్చి, నన్ను చివరి దాకా రానివ్వలేదు. మీకు చూపించేదొకటి ఉంది సార్ అన్నారు. వెళ్ళి చూస్తే ప్రతి కుర్చీకీ ఒక అట్టముక్క వేలాడుతోంది.

పుస్తకంలో ఒక పాఠముంది. ప్రతి వస్తువు వెనకా ఒక కథ ఉంటుంది, కొనేవాడికి ఆ కథ నిజాయితీగా చెప్పండి అని. ఆ అమ్మాయి ఆ పాఠాన్ని అక్షరాలా పట్టుకుంది. కుర్చీ తీసుకున్నప్పుడల్లా దాని యజమానిని కూర్చోబెట్టి వివరాలు అడిగారట. ఒక అట్ట మీద ఇలా ఉంది: "ఈ కుర్చీ అన్న ఐదేండ్లు చదివిండు. ఒకసారి ఒక్క మార్కుతోని పోయింది. ఇప్పుడు ఊర్ల ట్రాక్టర్ నడుపుతడు. కుర్చీ మంచిగుంది." పక్కదాని మీద: "ఈ అక్క నడుము నొప్పితోని చదువుడు ఆపింది. నొప్పి కుర్చీ వల్ల కాదట, మేము అడిగినం. కుర్చీ మంచిగుంది." నా స్నేహితుడి కుర్చీకి వేలాడుతున్న అట్ట మీద: "ఇంకొక్క సంవత్సరం చూస్తే వస్తుండె అన్నడు. కానీ పోయిండు. కుర్చీ మంచిగుంది."

ఇక ఈ కుర్చీలను మావాళ్ళెవరూ ముట్టుకోరని నాకు అర్థమైంది. పిల్లల ముఖాలేమో వెలిగిపోతున్నాయి. అంత అందమైన చేతిరాత, చుట్టూ పూల బొమ్మలు. బాగుంది అన్నాను.

మధ్యాహ్నానికల్లా మా హాస్టళ్ళ వాళ్ళు గుంపుగానే వచ్చారు. చవకగా కుర్చీలు దొరుకుతాయని ఉత్సాహంగా వచ్చినవాళ్ళు మొదటి అట్ట దగ్గర ఆగారు. రెండోది చదివారు. ఒకడు కుర్చీ మీద చెయ్యి వేసి చూస్తున్నవాడు చదవగానే చెయ్యి తీసేశాడు. ఇంకొకడు తన తోటివాడి రెక్క పట్టుకుని బయటికి లాక్కెళ్ళాడు. కొందరు మాత్రం అన్ని అట్టలూ వరసగా, పరీక్ష పేపరు చదివినంత శ్రద్ధగా చదివి, తల వంచుకుని వెళ్ళిపోయారు. కుర్చీలు కుర్చీల్లాగే ఉన్నాయి. పక్కన సకినాలు అయిపోయాయి.

ఎందుకు కొంటలేరు సార్ అని పిల్లలు అడుగుతూనే ఉన్నారు. ఆ అమ్మాయి ప్రతి వచ్చేవాడికీ ఎదురు వెళ్ళి, కుర్చీ గట్టితనం చూపించడానికి తానే ఎక్కి నిలబడేది. తల్లిదండ్రులు చోద్యంగా చూస్తున్నారు. ఒక్కటి అమ్ముడుపోయినా చాలు దేవుడా అని చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామికి మనసులోనే మొక్కుకున్నాను. శనివారం కదా, ఆయనకు మొక్కుల రద్దీ ఎక్కువ.

కరస్పాండెంట్ సార్ అప్పుడు కిందికి దిగాడు. వెంట ఇద్దరు ముగ్గురు తండ్రులున్నారు. మొదటి అట్ట చదివాడు, రెండోది చదివాడు, నన్ను పక్కకు పిలిచాడు. "ఇది బిజినెస్ డేనా, సంతాప సభనా?" అన్నాడు. వెంటనే ఆ అట్టలు తీసేయించి, ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరికీ కొలువులొచ్చాయని రాయించమన్నాడు. అబద్ధం కదా సార్ అని నసిగాను. అది అబద్ధం కాదు, మార్కెటింగ్ అన్నాడు. సాయంత్రం లోపు కుర్చీలు కదలకపోతే జూన్ సంగతి మరిచిపోవాలని కూడా అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త సులువయ్యేది.

నేను పిల్లల దగ్గరికి వెళ్ళి, సార్ చెప్పినట్టు రాయమన్నాను. ఇంకేం చేయను? ఆ ఉద్యోగం తప్ప నాకు ఇంకేమీ లేదు. పిల్లలు ఎదురు తిరుగుతారేమో, మీరే కదా నిజం చెప్పమన్నారు అంటారేమో అనుకున్నాను. వాళ్ళు అనలేదు. పెద్దవాళ్ళు చెప్పారు, పిల్లలు మార్కర్లు అందుకున్నారు, అంతే. అమ్మాయి మాత్రం పని ఎలా చేయాలో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న అడిగింది.

"ఈ అన్నకు ఏ పోస్టు ఇద్దాం సార్?"

నేను జవాబు చెప్పేలోగా మిగతా వాళ్ళు పంచడం మొదలుపెట్టారు. ట్రాక్టర్ నడిపే అతణ్ణి ఎస్సైని చేశారు. నడుము నొప్పి అక్కను డిప్యూటీ కలెక్టర్ చేశారు. వద్దురా, కలెక్టరైతే ఇంకా రేటొస్తది అని ఒకడు సలహా ఇచ్చాడు. నవ్వుకుంటూ, కొట్టుకుంటూ కొలువులు ఇచ్చేస్తున్నారు. వాళ్ళలో ఒకడు నా స్నేహితుడి కుర్చీ దగ్గర కూర్చుని పాత అట్ట తీసి పారేసి, కొత్తదాని మీద డిప్యూటీ తహసీల్దార్ అని గుండ్రంగా రాశాడు. రాయడం అయిపోయి కింద గీత కూడా గీశాడు.

నా స్నేహితుడు ఆ రెండు మాటల కోసం ఏం చేశాడో నేను చూశాను. జ్వరంతో వణుకుతూ కరెంట్ అఫైర్స్ చదవడం చూశాను. ఫలితాల రోజు తన నంబరు లేకపోతే కంప్యూటరు తప్పేమోనని మళ్ళీ మళ్ళీ చూడడం చూశాను. బస్సు కిటికీలోంచి నా వైపు చూడకుండా కూర్చోవడం చూశాను. వాడికి ఎవరూ ఇవ్వని కొలువును పిల్లవాడు ఒక మార్కరుతో ఇచ్చేశాడు. కోపమో దుఃఖమో చెప్పలేను. మార్కరు లాక్కున్నాను, ఆ అట్ట చింపేశాను, ఎవరూ ఏమీ రాయొద్దు అని అరిచాను. సందు చివర దాకా వినిపించి ఉంటుంది. పిల్లలు బిక్కచచ్చిపోయారు. తల్లిదండ్రులు సెల్‌ఫోన్లు దించారు.

కరస్పాండెంట్ సార్ అక్కడే ఉన్నాడు. దగ్గరికి వచ్చి, సోమవారం నుంచి రావాల్సిన పని లేదని నెమ్మదిగా చెప్పాడు. ఈ నెల జీతం ఆఫీసులో తీసుకొమ్మన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. మునిగిపోతున్న బడిని ఎలాగోలా తేల్చాలని ఆయన తంటాలు ఆయనవి. కానీ ఆ మాట విన్న క్షణాన నేను కింద పడకుండా నా స్నేహితుడి కుర్చీనే పట్టుకున్నానని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

జనం పలచబడ్డారు. దీపాలవాళ్ళు మూటలు కట్టుకుంటున్నారు. నేను కుర్చీలు పక్కకు పెడుతుంటే ఒక కుర్రవాడు వచ్చాడు. మీసాలు ఇంకా సరిగ్గా రాలేదు, భుజాన సంచి, చెప్పులకు ఎర్రమట్టి. ఆ పొద్దున్నే బస్సు దిగాడట. ఇంకా తీయని పాత అట్టలన్నీ చదువుకుంటూ వచ్చి, అట్ట లేని కుర్చీ దగ్గర ఆగి, ఇది ఎవలది అన్నా అని అడిగాడు.

నేను చెప్పాను. దాచడానికి ఇంకేం మిగిలింది గనక. నా స్నేహితుడిదనీ, నాతో పాటే వచ్చాడనీ, అన్ని పరీక్షలూ రాశాడనీ, ఒక్కటీ రాలేదనీ, మొన్ననే ఊరికి పోయాడనీ చెప్పాను. అతను మొత్తం విని కుర్చీలో కూర్చుని అటూ ఇటూ ఊపి చూశాడు. ఇస్తావా అన్నాడు. ఇది తీసుకోవద్దు తమ్ముడూ, మా దగ్గర ఎవరూ తీసుకోరు అని నేనే అన్నాను. ఇంత చెప్పినా ఇదే ఎందుకు అని అడిగాను.

"ఎప్పుడు లేవాల్నో యాదికుంటది అన్నా," అన్నాడు.

నన్ను ఎగతాళి చేయడానికి అన్నది కాదు. నేనెవరో కూడా అతనికి తెలియదు. ఇంటి దగ్గర చెప్పి వచ్చిన గడువు ఏదో అతని మనసులో ఉండి ఉంటుంది. అమ్మాయి పరుగున వచ్చి బేరం మాట్లాడుకుంది, కుర్చీ మళ్ళీ ఒకసారి తుడిచి ఇచ్చింది. అతను దాన్ని తల మీద బోర్లించుకుని అశోక్ నగర్ వైపు వెళ్ళిపోయాడు. అమ్ముడుపోయింది, అమ్ముడుపోయింది అని పిల్లలు గంతులు వేశారు. అంతకు ముందు నేను అరిచిన సంగతి అప్పుడే మరిచిపోయారు. నేను వాళ్ళతో పాటు చప్పట్లు కొట్టాను. సోమవారం రానని చెప్పలేకపోయాను.

జీతం తీసుకుని గదికి వెళ్ళబుద్ధి కాలేదు. నారాయణగూడ దాకా నడిచాను. మెట్రో స్తంభాల పక్కన, బట్టల దుకాణాల ముందు ఆ సాయంత్రం జనమే జనం. ఎప్పుడు లేవాలో యాదికుంటది. అంత చిన్న కుర్రవాడికి మొదటి రోజే ఉన్న ఆ తెలివి నాకు ఇన్నేళ్ళలో రాలేదు. ప్రతి ఏడాదీ ఇంకొక్క ఏడాది అన్నాను. కొలువు కోసం కూర్చున్నానని అనుకున్నాను గానీ, లేచి నిలబడితే నేనెవరినో తెలియదన్న భయంతో కూర్చున్నాను. ఆ భయం రోడ్డు మీద అందరికీ కనిపిస్తున్నట్టే ఉంది. ఒక మూసి ఉన్న దుకాణం మెట్ల మీద కూర్చుని అక్కకు ఫోను చేశాను.

నేను ఎప్పుడూ ఆదివారమే ఫోను చేస్తాను, ఆ రోజు శనివారం. నా ఫోను చూసి ఆమె గాభరా పడింది. ఏమైందిరా అంది. బడిలో వద్దన్నారు అక్కా అన్నాను. మరి ఆ పెద్ద పరీక్ష సంగతేందని అడిగింది, దాని ఫలితం వచ్చేదాకా చూస్తావా అని. ప్రతిసారీ ఆ ప్రశ్నకు నా దగ్గరొక జవాబు సిద్ధంగా ఉండేది. ఈసారి నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఇగ రాదు అక్కా. నాకు కొలువు రాదు. నేను ఇంటికొస్తున్న."

అన్ని ఏళ్ళలో ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. నాలో నేను కూడా అనుకోలేదు. అక్క ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఇంత చేసింది ఇందుకా అంటే ఏం చెప్పాలో కూడా వెతుక్కుంటున్నాను. అవతల ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. బరువు దించుకున్న మనిషి వదిలే ఊపిరి అది. మంచిగ చెప్పినవ్ రా అంది. ఎన్నడొస్తవ్, బస్టాండుకు బావను పంపుత అంది. ఆమె గొంతు అంత తేలికగా ఉండగా నేను విని ఎన్నో ఏళ్ళయింది.

ఆ ఒక్క మాట కోసం అక్కా బావా ఎన్నాళ్ళ నుంచి ఎదురు చూస్తున్నారో అప్పుడు అర్థమైంది. కొలువు వస్తుందని నేనొక్కణ్ణే నమ్ముతున్నాను. వాళ్ళు నా కోసం నమ్ముతున్నట్టు కనిపించారు, అంతే. ఫోను పెట్టేశాక, దుకాణాల ముందు అంతమంది తిరుగుతుంటే, ముఖం దాచుకోకుండా ఏడ్చాను.